వణికే చేతికి కొత్త గూడ: ఇంటివాళ్ల వంతు

పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయనకు భుజం కీలు మార్చాలని డాక్టరు చెప్పగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఆపరేషన్ అయ్యాక చెయ్యి పైకి లేస్తుందాండీ?" అమలాపురంలో అడిగినా, రాజోలులో అడిగినా, కొత్తపేటలో అడిగినా అదే మాట. అడగవలసిన మాటే. కానీ దానికన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. ఆ నొప్పి నిజంగా కీలు అరిగినందువల్లే వస్తోందా? ఆపరేషన్ రోజున, ఆ తర్వాత నెలన్నర పాటు, పార్కిన్సన్స్ మాత్రలు వేళకు పడేలా ఎవరు చూస్తారు? మొదటిది తేలితే కొందరికి ఆపరేషన్ అవసరమే రాదు. రెండోది తేలకపోతే ఎంత పేరున్న సర్జన్ చేసినా పెద్దాయన కోలుకోవడం కష్టం. ఈ అధ్యాయంలో రెండోదాని గురించే ఎక్కువ చెబుతాను. అది పూర్తిగా ఇంటివాళ్ల చేతిలో ఉన్న పని, పైగా ఎవరూ వివరంగా చెప్పని పని.

నొప్పి ఎక్కడిదో ముందు తేలాలి

ఊళ్లో పార్కిన్సన్స్‌ను వణుకు జబ్బంటారు. ఆయుర్వేదం కంపవాతమంది. పేర్లన్నీ వణుకు చుట్టూనే తిరిగినా, చాలామందిని ఎక్కువ బాధపెట్టేది కండరాల బిగువు. ఒక పక్క చెయ్యి నడకలో ఊగడం మానేస్తుంది. ఊగని చెయ్యి, బిగిసిన కండరం కలిసి భుజాన్ని మెల్లగా పట్టేస్తాయి. అందువల్ల కొందరిలో ఈ జబ్బు తొలి గుర్తు భుజం నొప్పే అవుతుంది. వాళ్లు ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. భుజంలో ఇంజక్షన్ పడుతుంది, పది రోజులు కరెంటు పెట్టించుకుంటారు, కొబ్బరినూనె కాచి మర్దన చేయిస్తారు. అసలు జబ్బు పేరు వినేసరికి చాలా నెలలు గడిచిపోతాయి.

ఇంటివాళ్లు కనిపెట్టగలిగిన గుర్తులు కొన్ని ఉన్నాయి. పెద్దాయన పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తుంటే వెనక నుంచి చూడండి. రెండు చేతులూ సమానంగా ఊగుతున్నాయా, ఒకటి ఒంటికి అతుక్కుని ఉందా? సంతకం మునుపటికన్నా చిన్నదైందా? చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోందా? భుజం నొప్పితోపాటు ఇవి కనిపిస్తే ఎముకల డాక్టరుతో ఆగకుండా నరాల డాక్టరుకు కూడా చూపించండి.

జబ్బు ఇప్పటికే తేలినవారు ఒక వారం పాటు చిన్న పని చేయాలి. మాత్ర వేసుకున్న వేళ, నొప్పి పెరిగిన వేళ పక్కపక్కన రాయాలి. మాత్ర పనిచేస్తున్నంతసేపు భుజం తేలికపడి, దాని ప్రభావం దిగిపోయే వేళకు మళ్లీ పట్టేస్తుంటే అది బిగువు వల్ల వచ్చే నొప్పి కావచ్చు. నరాల డాక్టరు మోతాదో వేళో సరిచేస్తే, దాంతోపాటు రోజూ వ్యాయామం చేయిస్తే తగ్గే అవకాశం ఉంది. అలా కాకుండా మాత్రతో సంబంధం లేకుండా నొప్పి ఉండి, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే నిద్రపట్టక, కదిలిస్తే లోపల గరగరలాడి, ఎక్స్‌రేలో కీలు మధ్య ఖాళీ తగ్గిపోయి కనిపిస్తే అప్పుడు మార్పిడి మాట ఎత్తవచ్చు. పడిపోయి జబ్బ ఎముక పైభాగం ముక్కలైనప్పుడు సంగతి వేరు. అక్కడ ఆలోచించుకోవడానికి వారాలు ఉండవు.

పడటం ఈ జబ్బులో చాలా మామూలు. పార్కిన్సన్స్ ఉన్నవారిలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు పడతారు. ఎముకల గట్టిదనం కూడా వీరిలో తక్కువగా ఉంటుంది. వానాకాలంలో పాచి పట్టే పెరడు, మండువా లోగిళ్లలో తడిసే నడిమిల్లు, ఎత్తైన గడపలు, రాత్రి చీకట్లో దొడ్డివైపు నడక, ఇవన్నీ కోనసీమ ఇళ్లలో ఉన్నవే. చెయ్యి విరిగినప్పుడు ముందు కట్టు కట్టించేద్దామని పుత్తూరు కట్టు వైపో, దగ్గరున్న కట్టు వైద్యుడి వైపో చూడటం మనవాళ్లకు అలవాటు. భుజం విరిగిన పార్కిన్సన్స్ మనిషి విషయంలో దయచేసి అలా చేయకండి. ఎక్స్‌రే చూడకుండా గూడ లాగితే విరిగిన ముక్క నరాన్నో రక్తనాళాన్నో నొక్కే ప్రమాదం ఉంది.

ఏం మారుస్తారు, ఏం ఆశించాలి

భుజం కీలులో జబ్బ ఎముక తల ఒక బంతి. రెక్క ఎముక మీద ఉన్న గుంట చిన్న గిన్నె. మామూలు మార్పిడిలో బంతి స్థానంలో లోహపు బంతి, గిన్నె స్థానంలో ప్లాస్టిక్ గిన్నె పెడతారు. ఇది సరిగ్గా పనిచేయాలంటే కీలు చుట్టూ ఉన్న నాలుగు చిన్న కండరాల స్నాయువులు బాగుండాలి. వాటినే రొటేటర్ కఫ్ అంటారు. వయసు మీదపడినవారిలో, పడినవారిలో అవి చిరిగి ఉండటం మామూలే. అలాంటివారి కోసం ఫ్రాన్స్‌లోని డిజోన్ నగర వైద్యుడు పాల్ గ్రామోం 1985లో కీలును తిరగేశాడు. బంతిని రెక్క ఎముకకు బిగించి, గిన్నెను జబ్బ ఎముక మీద పెట్టాడు. దాంతో చిరిగిన కఫ్‌తో పెద్దగా పని లేకుండా భుజం మీది పెద్ద కండరం డెల్టాయిడ్ చేతిని లేపుతుంది. రివర్స్ షోల్డర్ అని డాక్టర్లు చెప్పేది దీన్నే. పెద్ద వయసులో జబ్బ ఎముక ముక్కలైనప్పుడు కూడా ఈ పద్ధతినే తరచు ఎంచుకుంటున్నారు. మీ నాన్నగారికి ఏది పెడుతున్నారో సర్జన్‌ను అడిగి రాసుకోండి. ఇంటికొచ్చాక ఏ కదలిక మానాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ఇప్పుడు చెయ్యి లేస్తుందా అన్న ప్రశ్నకు వద్దాం. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు పార్కిన్సన్స్ ఉన్నవారిలో భుజం మార్పిడి ఫలితాలను 1997లో ప్రచురించారు. నొప్పి తగ్గడంలో ఫలితం బాగుంది. చేతి కదలిక మాత్రం అంతగా మెరుగుపడలేదు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలు కూడా మొత్తం మీద ఈ దారిలోనే ఉన్నాయి. ఈ జబ్బు లేనివారితో పోలిస్తే గూడ జారడం, కీలు చుట్టూ ఎముక విరగడం, ఇన్‌ఫెక్షన్, మళ్లీ ఆపరేషన్ చేయవలసి రావడం వీరిలో ఎక్కువ. కారణాలు అర్థమయ్యేవే. వణుకు, బిగువు, మందుల వల్ల వచ్చే అసంకల్పిత కదలికలు కొత్త కీలును రోజంతా లాగుతుంటాయి. పడితే దెబ్బ అక్కడే తగులుతుంది. ఎముక ముందే గుల్లబారి ఉంటుంది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రాత్రి నిద్రపట్టాలి, నొప్పి మాత్రలు తగ్గాలి, అన్నం ముద్ద నోటిదాకా రావాలి అన్నది మీ ఆశ అయితే, సరైన మనిషికి ఈ ఆపరేషన్ చేయించదగినదే. చెయ్యి తలపైకి లేచి మునుపటిలా పొలం పనులు చేయాలన్నది ఆశ అయితే ఆ మాట సర్జన్ ముందు పెట్టి, ఆయన చెప్పేది విన్నాకే సంతకం పెట్టండి. సంక్రాంతి వెళ్లిన కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభను భుజాన మోసిన మనిషికి, ఇక ఆ భుజం మీద బరువు మోయకూడదని ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. కావిడి, బస్తా, పాడె కూడా అంతే. తర్వాత తెలిస్తే మనసు విరిగిపోతుంది. ముందే తెలిస్తే ప్రభ పక్కన నడవడానికి సిద్ధపడతాడు.

మాత్రల వేళ

పార్కిన్సన్స్‌లో మెదడు లోపలి ఒక చిన్న భాగంలో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. ఆ లోటు పూడ్చేది లెవోడోపా. మందుల షాపులో సిండోపా, టిడోమెట్ లాంటి పేర్లతో దొరికేది ఇదే. దీని చరిత్రలో మన దక్షిణాది వారి పని కూడా ఉంది. మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుంచి ఈ పదార్థాన్ని వేరుచేసి 1937లో ప్రకటించారు. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు. కొన్ని ఇళ్లలో డాక్టరు మాత్రలతోపాటు దూలగొండి చూర్ణం కూడా రోజూ ఇస్తుంటారు. అందులో నిజమైన లెవోడోపానే ఉంది, కానీ చెంచాలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. ఆ చూర్ణం వాడుతుంటే మత్తు డాక్టరుకూ, నరాల డాక్టరుకూ తప్పకుండా చెప్పండి.

లెవోడోపా రక్తంలో ఎక్కువసేపు నిలవదు. సుమారు గంటన్నరలో సగం ఖాళీ అవుతుంది. మన డెల్టాలో దాళ్వాకు కాలవ నీళ్లు వంతుల వారీగా వదులుతారు కదా. ఒక వంతు తప్పితే ఎగువ పొలం చెమ్మతో నెట్టుకొస్తుంది, శివారు చేను నెర్రెలిస్తుంది. జబ్బు కొత్తలో మెదడుకు సొంత డోపమైన్ కొంత మిగిలి ఉంటుంది కాబట్టి మాత్ర గంట ఆలస్యమైనా గడిచిపోతుంది. ఏళ్లు గడిచినవారు శివారు రైతులు. వాళ్లకు ఒక మోతాదు తప్పితే మంచం మీద పక్కకు తిరగలేరు, మింగలేరు, ఊపిరి బలంగా తీయలేరు. హఠాత్తుగా మాత్రలు ఆగిపోతే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్ర జ్వరం, మగత వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

బ్రిటన్‌లో ఈ సంగతిని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఆస్పత్రిలో చేరిన పార్కిన్సన్స్ మనిషికి లెవోడోపా అతని వేళకు అరగంట లోపు అందాలని 2018లో జాతీయ నాణ్యతా ప్రమాణంగా రాసుకున్నారు. మన వార్డుల్లో మందులు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి రౌండ్లలో పంచుతారు. ఇంట్లో ఆరింటికి, పదింటికి, రెండింటికి, మళ్లీ ఆరింటికి, పదింటికి వేసుకునే మనిషి ఆ రౌండ్లలో ఇమడడు. నర్సుల తప్పు కాదు, ఒక్కో నర్సు ఎంతమందిని చూడాలో మనకు తెలుసు. ఇక్కడ మనకున్న బలం వేరు. మన ఆస్పత్రుల్లో మంచం పక్కన ఇంటి మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఆ మనిషిని మాత్రల వేళకు కాపలా పెట్టండి.

చేరే ముందే ఒక కాగితం రాయండి. మాత్ర పేరు, మిల్లీగ్రాములు, గడియారం వేళ, ఎన్ని మాత్రలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. "రోజుకు ఐదుసార్లు" అని కాదు, "ఉదయం 6:00" అని ఉండాలి. ఒకటి కేస్ షీట్‌కు పిన్ను చేయించండి, ఒకటి మంచం తలవైపు అంటించండి. మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని మీరే వేస్తామని డాక్టరును అడిగి, ఆ మాట కేస్ షీట్‌లో రాయించండి. ఫోనులో ప్రతి వేళకూ అలారం పెట్టండి. వారం రోజుల మాత్రలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఇదే మోతాదు మాత్ర ఆస్పత్రి ఫార్మసీలో ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

అసలు చిక్కు ఆపరేషన్ రోజు పొద్దున వస్తుంది. "రాత్రి పన్నెండు తర్వాత ఏమీ ఇవ్వొద్దు" అని చెబుతారు. ఇంటివాళ్లు భయపడి మాత్రలు కూడా ఆపేస్తారు. ముందు రోజే మత్తు డాక్టరును కలిసి, "పార్కిన్సన్స్ మాత్ర పొద్దున గుక్కెడు నీళ్లతో ఇవ్వమంటారాండీ?" అని అడగండి. సాధారణంగా ఇవ్వమంటారు. మంచినీళ్ల వంటి పలచని ద్రవాలను మత్తుకు రెండు గంటల ముందు వరకు అనుమతించడం ఇప్పుడు చాలాచోట్ల పద్ధతి. ఆ రోజు జాబితాలో మొదటి కేసుగా పెట్టమని కూడా కోరండి. మధ్యాహ్నానికి వాయిదా పడితే రెండు మోతాదులు ఎగిరిపోతాయి. ఎక్కువసేపు మింగలేని పరిస్థితి వస్తే ముక్కు గొట్టం ద్వారానో, చర్మానికి అంటించే పట్టీ ద్వారానో మందు ఎలా ఇవ్వాలో నరాల డాక్టరు ముందే రాసి ఉంచాలి.

వద్దని చెప్పవలసిన మందులు

మత్తు దిగాక వాంతులు రావడం మామూలే. వాంతులకు ఇచ్చే కొన్ని మందులు డోపమైన్‌ను అడ్డుకుంటాయి. పెరినార్మ్ పేరుతో వచ్చే మెటోక్లోప్రమైడ్, స్టెమెటిల్ పేరుతో వచ్చే ప్రోక్లోర్‌పెరజీన్ అలాంటివి. ఇవి పార్కిన్సన్స్ మనిషిని గంటల్లో బిగదీస్తాయి. ఆన్‌డాన్‌సెట్రాన్‌తో ఆ ఇబ్బంది లేదు. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు కాబట్టి వాడవచ్చు, కానీ ముందు గుండె పరీక్ష చూస్తారు. తల తిరిగితే మందుల షాపులో అడగ్గానే ఇచ్చే స్టుజెరాన్ కూడా వీరికి పడదు. ఇది ఆపరేషన్‌తో పనిలేకుండా ఎప్పటికీ గుర్తుంచుకోవలసిన మాట.

రెండో రాత్రో మూడో రాత్రో పెద్దాయన ఉన్నట్టుండి లేచి గేదెలు కట్లు తెంచుకున్నాయనో, ఎప్పుడో పోయిన తమ్ముడు వీధిలో నిలబడ్డాడనో అనవచ్చు. పెద్ద ఆపరేషన్ల తర్వాత, ముఖ్యంగా ఈ జబ్బులో, ఇలాంటి తికమక వస్తుంటుంది. మతి పోయిందని ఏడవకండి, గట్టిగా వాదించకండి. మూత్రం ఆగిందా, విరేచనం కాలేదా, జ్వరం ఉందా, నొప్పి ఎక్కువైందా అని చూడమని డాక్టరును అడగండి. కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టండి. తెలిసిన ముఖం కంటి ఎదుట ఉండాలి. హాలోపెరిడాల్ కూడా డోపమైన్‌ను అడ్డుకునేదే, ఆ ఇంజక్షన్ ఇవ్వబోతే "వీరికి పార్కిన్సన్స్ ఉందండీ" అని వెంటనే చెప్పండి. వణుకుకు ఇచ్చే పాసిటేన్ వాడే వృద్ధుల్లో ఈ తికమక, మూత్రం ఆగడం ఎక్కువ కావచ్చు. దాని సంగతి నరాల డాక్టరుతో ఆపరేషన్‌కు వారాల ముందే మాట్లాడాలి. సొంతంగా మాత్రం ఆపకూడదు.

పార్కిన్సన్స్‌కే ఇచ్చే రసాజిలిన్, సెలిజిలిన్ మాత్రలు వాడేవారికి పెథిడిన్ అనే నొప్పి మందు ఇవ్వడం ప్రమాదం. ట్రమడాల్‌తోనూ జాగ్రత్త. ఈ మాత్రల పేర్లు మీ కాగితంలో ఎర్ర సిరాతో ఉండాలి. భుజం ఆపరేషన్‌కు మెడ దగ్గర ఇచ్చే మత్తు ఇంజక్షన్ నొప్పికి చాలా మంచిదే. అయితే అది కొంతసేపు ఆ పక్క డయాఫ్రమ్‌ను కూడా నిద్రపుచ్చవచ్చు. ఊపిరి బలం ముందే తక్కువగా ఉన్నవారి గురించి మత్తు డాక్టరు ఆలోచించుకోవడానికి, ఆయాసం, దగ్గు, పొలమారడం ఉంటే దాచకుండా చెప్పండి.

మెదడులో తీగలు అమర్చే డీబీఎస్ చికిత్స చేయించుకున్నవారికి ఛాతీలో కాలర్ ఎముక కింద బ్యాటరీ ఉంటుంది. హైదరాబాద్ నిమ్స్ వంటి చోట్ల ఈ చికిత్స చేయించుకున్నవారు మన జిల్లాల్లోనూ ఉన్నారు. ఆ సంగతి సర్జన్‌కు మొదటి రోజే చెప్పాలి. కోత దగ్గర కరెంటుతో రక్తం ఆపే పరికరం ఏది వాడాలి, డీబీఎస్ మిషన్‌ను ఎప్పుడు ఆపి ఎప్పుడు వేయాలి అన్నది ముందే నిర్ణయించాలి. తర్వాత ఫిజియోథెరపీలో డయాథర్మీ అనే కరెంటు పెట్టనివ్వకూడదు. అది ఆ తీగల ద్వారా మెదడును కాల్చేయగలదు. "నొప్పికి కరెంటు పెడతాం" అని ఎవరన్నా ముందు ఈ మాట చెప్పండి.

చెయ్యి పట్టీలో ఉన్న వారాలు

ఆపరేషన్ తర్వాత సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగులో ఉంటుంది. ఈ జబ్బులో తూకం నిలిపేవి చేతులు కూడా. ఒక చెయ్యి కట్టేస్తే పడే ప్రమాదం పెరుగుతుంది. వాకర్ పట్టుకోవడం కుదరదు. అందుకని ఆపరేషన్‌కు ముందే రెండో చేత్తో కర్ర పట్టి నడవడం, రెండో చేత్తో చెంచాతో తినడం అలవాటు చేయించండి. కుడి భుజమైతే ఎడమ చేత్తో అన్నం తినడానికి పెద్దవాళ్లు మనసు కష్టపెట్టుకుంటారు. ఇది వైద్యం కోసమని, కొన్నాళ్లేనని ఇంటి పెద్ద ఎవరైనా నచ్చజెప్పాలి.

మన ఊళ్లలో పెద్దవాళ్లను లేపేటప్పుడు చంకల కింద చేతులు వేసి ఎత్తుతాం, లేదా చెయ్యి పట్టి లాగుతాం. ప్రేమతో చేసే ఈ పనే కొత్త కీలుకు పెద్ద ప్రమాదం. నడుముకు వెడల్పాటి బెల్టో, గట్టిగా మడిచి కట్టిన తువ్వాలో ఉంచి దాన్ని పట్టుకుని లేపండి. చూడటానికి వచ్చే ప్రతి బంధువుకూ ఇది గుమ్మంలోనే చెప్పండి. నులక మంచం, పడక కుర్చీ ఈ నెలన్నర పక్కన పెట్టండి. అవి పల్లంగా ఉంటాయి, లేవడానికి చేత్తో నొక్కి తీరాలి. మోకాళ్లకన్నా కాస్త ఎత్తుగా ఉండే గట్టి కుర్చీ, ఎత్తు మంచం, వీపు కింద దిండ్లు వాడండి. ఆపరేషన్ అయిన పక్క మోచేయి వెనక్కి పడిపోకుండా దాని కింద కూడా చిన్న దిండు పెట్టండి.

రివర్స్ కీలు పెట్టినవారిలో చెయ్యి ఒంటికి దగ్గరగా వెనక్కి వెళ్లి లోపలికి తిరిగితే గూడ జారవచ్చు. ఆ కదలిక రోజులో ఎన్నిసార్లు వస్తుందో చూడండి: గోచీ వెనక దోపుకోవడం, లుంగీ బిగించడం, వెనక జేబులో చెయ్యి పెట్టడం, రవిక హుక్కులు పెట్టుకోవడం, కుర్చీ చేతులను నొక్కి లేవడం. సర్జన్ సరేననే దాకా ఇవేవీ వద్దు. మగవాళ్లకు ముందు గుండీల చొక్కా, నాడా పైజమా. ఆడవాళ్లకు ముందు తెరుచుకునే నైటీ, జడ వేరేవాళ్లు వేయాలి. ఎడమ భుజమైతే మరుగుదొడ్డి సంగతి ముందే ఆలోచించాలి. కమోడ్, చేతికందే నీళ్ల జెట్, రెండో పక్క గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి. ఆ ఖర్చు ఆపరేషన్ ఖర్చులో భాగమనే అనుకోండి.

చిన్నవే అయినా చివరి నిమిషంలో మనసు నొచ్చుకునేవి రెండు చెప్పాలి. థియేటర్‌లోకి వెళ్లేటప్పుడు మంగళసూత్రం తీయమంటారు. ఎడమ భుజానికి కోత అయితే జంధ్యం కూడా అడ్డే. ఇంట్లోనే మాట్లాడుకుని, ఎవరు తీసి ఎవరు భద్రపరుస్తారో అనుకుని వెళ్లండి. చంకలో వెంట్రుకలు ఇంట్లో రేజరుతో గీయకండి, ఆ గాట్లు ఇన్‌ఫెక్షన్‌కు దారి. ఇంటికొచ్చాక చంకలో చెమట నిలవకుండా పొడి గుడ్డ పెట్టి మారుస్తుండండి.

తిండి విషయంలో మనవాళ్ల ప్రేమ ఎక్కువ. గాయం మానాలని గుడ్లు, పాలు, పప్పు, చేపల పులుసు పెడతారు. పెట్టవలసిందే. కాకపోతే మాంసకృత్తులు లెవోడోపా పేగులోంచి రక్తంలోకి వెళ్లే దారికి అడ్డుపడతాయి. మాత్ర భోజనానికి అరగంట ముందో, గంట తర్వాతో వేయండి. పులస పులుసు తింటూ మాత్ర మింగితే ఆ పూట మాత్ర సరిగా పనిచేయకపోవచ్చు. మలబద్ధకం పెరిగినా మాత్ర ఆలస్యంగా పనిచేస్తుంది, నీళ్లు, పీచున్న కూరలు మానకండి.

ఎప్పుడు, ఎక్కడ

పడి విరిగితే వేచి చూడలేం. అరిగిన కీలైతే కాలం మనం ఎంచుకోవచ్చు. జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరద వస్తే లంక గ్రామాల కాజ్‌వేలు మునుగుతాయి, పడవ మీద దాటాలి. చెయ్యి పట్టీలో ఉన్న పార్కిన్సన్స్ మనిషిని పడవెక్కించడం నాకు ఊహించుకోవడానికే భయం. సంక్రాంతి దాటాక చేయించుకుంటే నేల పొడిగా ఉంటుంది, ఎండలు ముదిరేలోగా స్లింగు తీసేస్తారు.

మోకాలి మార్పిడి చేసేవారు చాలామంది ఉన్నారు. భుజాలు చేసేవారు తక్కువ. "భుజాలు తరచు చేస్తుంటారాండీ? పార్కిన్సన్స్ ఉన్నవారికి చేశారా?" అని మర్యాదగా అడగండి, మంచి సర్జన్ నొచ్చుకోరు. నరాల డాక్టరు, మత్తు డాక్టరు, ఐసీయూ ఒకే కప్పు కింద ఉన్న ఆస్పత్రి అయితే మేలు. అమలాపురంలోని కిమ్స్ మెడికల్ కాలేజీ, కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి, రాజమహేంద్రవరం, విశాఖ వంటి చోట్ల వాకబు చేసి చూడండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏది వస్తుందో, ముందస్తు అనుమతి ఎలాగో ఆస్పత్రిలో ఆ పథకం చూసే సిబ్బందిని అడ్వాన్సు కట్టకముందే అడగండి. ఇంటికొచ్చాక ఫిజియోథెరపిస్టు వారానికి ఎన్నిసార్లు రాగలరో కూడా ముందే మాట్లాడుకోవాలి. పార్కిన్సన్స్ గురించి తెలిసినవారైతే వ్యాయామాన్ని మాత్ర బాగా పనిచేసే గంటలోనే పెడతారు. తెలియనివారైతే ఆ మాట మీరే చెప్పండి.

తికమక బాగా ముదిరినవారికి, రోజూ పడుతున్నవారికి, స్లింగు తీసి పారేసేవారికి, ఇంట్లో చూసే మనిషే లేనివారికి అరిగిన కీలు కోసం ఈ ఆపరేషన్ తొందరపడి చేయించవద్దనే నేనంటాను. ముందు మందులు సరిచేయించి, ఇల్లు సర్ది, పడటం తగ్గించి, ఆ తర్వాత మళ్లీ సర్జన్ దగ్గరికి వెళ్లవచ్చు.

మీ ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్న మనిషి ఉంటే ఆపరేషన్ తేదీ ఖాయమైనా కాకపోయినా ఆ మాత్రల కాగితం ఈ వారమే రాయండి. వేళలు, మోతాదులు, ఇవ్వకూడని మందుల పేర్లు అందులో ఉండాలి. నరాల డాక్టరుకు చూపించి సరిచేయించండి. ఒక ప్రతి ఇంట్లో మందుల డబ్బాలో, ఒక ప్రతి పెద్దాయన చొక్కా జేబులో, ఫోటో మీ ఫోనులో ఉంచండి. రేపు జ్వరంతో చేరినా, జారిపడి చేరినా, 108 ఎక్కించినా అదే కాగితం ముందు చూపించండి.